పుట్టి అడుగు

మంత్రాలయం దగ్గర తుంగభద్ర ఒడ్డు ఊళ్ళలో ఉరుకుందప్ప అల్లిన పుట్టి అంటే జనం కళ్ళు మూసుకుని ఎక్కేవాళ్ళు. చూసేవాళ్ళకు పుట్టి అంటే ఏట్లో తేలే ఒక పెద్ద వెదురు గంప, కింద తారు పూత, అంతే. దాని గుట్టంతా అడుగులో ఉంది. అడుగు మరీ చదునైతే సుడిలో బొంగరమవుతుంది, మధ్యలో లోతెక్కువైతే పక్కకు ఒరుగుతుంది.

అందుకే వాళ్ళింట్లో ఒక పద్ధతి. బద్దలు పచ్చిగా ఉన్నప్పుడే అల్లి, ఇసుకలో తవ్విన గుంట మీద పరిచి, ఆ పుట్టిని నడపబోయే మనిషినే మధ్యలో కూర్చోబెడతారు. మనిషి ఊరికే ఉండడు కదా, అటూ ఇటూ కదులుతాడు. సాయంత్రానికి బద్దలు అతని బరువుకు సమంగా వంగుతాయి. అదే రాళ్ళు పెడితే, పెట్టినచోటే గుంట పడుతుంది.

ఇంత తెలిసిన ఉరుకుందప్ప కన్నకొడుకు దగ్గరే తప్పు చేశాడు. మంగంపేట గనుల్లో పని మానేసి వస్తున్నానని, ఇక ఏట్లో చేపలు పట్టుకుని బతుకుతానని ధనుంజయ ఫోన్ చేశాడు. ముసలాయన కాళ్ళు నేల మీద నిలవలేదు. కొడుకు బస్సు దిగేసరికి పుట్టి సిద్ధంగా ఉండాలని, కొడుక్కు బదులు ఏటి రాళ్ళు పేర్చాడు. ఆ వానాకాలం ఏరు పొంగింది. వల తీయడానికి పోయిన ధనుంజయ తిరిగి రాలేదు. పుట్టి మాత్రం దిగువన తుమ్మచెట్లలో బోర్లా దొరికింది.

"ఏరు అంత పొంగితే ఏ పుట్టైనా ఒగటే కదప్పా" అన్నారు ఊరివాళ్ళు. ఉరుకుందప్ప వినలేదు. కొడుకును మింగింది ఏరు కాదు, తన తొందరేనని ఆయన ఏడుపు. చేతులు కాలాక ఆకులెందుకని, ఆ రోజు పక్కన పెట్టిన వెదురు చీల్చే కత్తి మళ్ళీ ముట్టలేదు.

మొన్న కోడలు శివలీల వచ్చి ఎదురుగా నిలబడింది.

"మామా, నాకో పుట్టి అల్లు. మిరపకాయల కూలి నాలుగు నెల్లే. మిగతా దినాలు వల ఏస్తా."

"నా చేత్తో ఇంగ అల్లనమ్మా."

"అల్లకుంటే యాడో ఒగ పాత పుట్టి అడుక్కుంటా. పోయేది మాత్రం పోతా."

అంతమాట అన్నాక ఏం చేస్తాడు? చిల్లుల పుట్టిలో ఆ పిల్లను పంపే ధైర్యం లేదు, తాను అల్లే ధైర్యమూ లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి వెదురు చీల్చాడు.

ఈ పొద్దున అల్లిక గుంట మీద పరిచి, "కూసోమ్మా" అన్నాడు. శివలీల కూర్చుంది. కాసేపు ఏటి వైపు చూసింది, కాసేపు మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆయన చూడనట్టే బిందెతో నీళ్ళు తెచ్చి బద్దలు తడిపాడు. మధ్యాహ్నం దాటాక అంచు కిందికి చెయ్యి పోనిచ్చి తడిమాడు. అడుగు సమంగా వంగింది. ఇంత చక్కగా ఆయన చేతిలో ఏ పుట్టికీ కుదరలేదు.

పొద్దు వాలింది.

"అయిందా మామా? లెయ్యొచ్చా?"

ఎప్పుడో అయిపోయిందని ఆయనకు తెలుసు. ఆమె లేస్తే పుట్టి ఏటికి పోతుంది, దాంతోపాటు ఆమె కూడా పోతుంది. నేల మీద కూర్చున్నంతసేపు ఏరు ఆమెను ముట్టదు.

"ఇంగా వంగలేదమ్మా, రోంతసేపు కూసో" అన్నాడు.