చక్రాల ఇంటికి బ్రేకు పట్టనప్పుడు

మొన్న ముత్తుకూరు నుంచి నెల్లూరు వస్తుంటే మా బస్సు ఒక టీకొట్టు ముందు ఆగింది. రోడ్డు పక్కన ఒక చక్రాల ఇల్లు నిలబడి ఉంది. కారు వెనక తగిలించుకొని లాక్కుపోయే బాపతు. కిటికీకి పూల కర్టెన్ కూడా ఉంది. దాని కింద ఒకాయన వెల్లకిలా పడుకొని, చేతిలో వైరు పట్టుకొని, పైకి చూస్తూ గొణుక్కుంటున్నాడు. బస్సులో అందరూ ఇంటికి చక్రాలుండడం చూసి ముచ్చటపడుతుంటే, నేను మాత్రం ఆయన పట్టుకున్న వైరు ఎక్కడికి పోతోందో చూద్దామని మెడ సాచాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆఫీసులో జనన మరణాల రిజిస్టరు రాసుకున్నవాడికి ఈ ఆసక్తి ఎక్కడిదంటే, అది మా వదిన అంటించిన జబ్బు.

మా అన్న రొయ్యల చెరువులకు టెక్నీషియన్. వదిన నీళ్లు పరీక్ష చేసేది. పొద్దున్నే చెరువుకొక సీసా చొప్పున నీళ్లు ముంచి తెచ్చి, ఉప్పెంత ఉందో, గాలెంత కరిగిందో చూసి నోటుబుక్కులో రాసేది. ఒక పంట బోగోలు వైపు, ఇంకో పంట కృష్ణపట్నం వైపు. పంట మారినప్పుడల్లా ఇల్లు మారేది. అన్నీ చెరువుగట్ల మీది రేకుల షెడ్లే. పదమూడో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, “ఇంక నేను సామాను కట్టను. ఇల్లే మనతో రానీండి” అన్నదట. కోపంలో అన్న మాటను మా అన్న సలహాగా తీసుకున్నాడు. చెన్నైలో ఎవరో పెద్దాయన విదేశం నుంచి తెప్పించుకొని, మోజు తీరి మూల పడేసిన చక్రాల ఇంటిని కొనుక్కొచ్చి జీపుకు తగిలించాడు. లోపల ఒక మంచం, గ్యాసు పొయ్యి, చేతులు చాపితే రెండు గోడలూ తగిలే స్నానాలగది. మా బంధువుల్లో దాన్ని చూసి నవ్వనివాళ్లు లేరు. నవ్విన తరవాత లోపలికి వెళ్లి మంచమ్మీద ఒకసారి పడుకోనివాళ్లూ లేరు.

ఆ ఇంటికి కరెంటు బ్రేకులు. జీపులో స్టీరింగు కింద చిన్న పెట్టె ఒకటి ఉండేది. అన్న కాలు బ్రేకు మీద పడగానే ఆ పెట్టె, వెనకనున్న ఇంటి చక్రాలకు కరెంటు పంపుతుంది. చక్రంలో ఉన్న అయస్కాంతం పోయి తిరిగే డ్రమ్ముకు అతుక్కుంటుంది, ఆ లాగుడుకు బ్రేకు పట్టుకుంటుంది. నేను నాలుగు రోజులు సెలవు పెట్టి వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు అన్న ఇదంతా ఎంతో గర్వంగా చెప్పాడు. ఆ మర్నాడే, కొత్త చెరువుల దగ్గరికి ఇల్లు మారుస్తూ కాలువ వంతెన దిగుతున్నాం. ముందు ఒక ఆటోలోంచి చేపల గంపలతో ఆడవాళ్లు దిగుతున్నారు. అన్న బ్రేకు తొక్కాడు. జీపు ఆగాలనే చూసింది కానీ వెనకనున్న ఇల్లు ఆగలేదు. ఎవరో పెద్ద చేత్తో వీపు మీద నెట్టినట్టు జీపును ముందుకు తోసింది. చివర దిగిన ముసలామెకు మూరెడు దూరంలో ఆగాం. గంప కిందపడి చేపలన్నీ రోడ్డు పాలయ్యాయి. ఆమె ముందు మమ్మల్నీ, తరవాత మా వెనకనున్న కిటికీలనూ చూసి, “ఏందయ్యా, ఇల్లేసుకొని మీదికొస్తా ఉండావు?” అంది. అన్న దిగి చేపలు ఏరి గంపలో వేశాడు. 

నత్తనడకన కొత్త చెరువుగట్టు మీదికి చేరాక, “ఈ ఇల్లు కొంటానని కావలి ఊరాయన అడగతానే ఉండాడు. రేపు రమ్మని, ఇచ్చేస్తా” అన్నాడు అన్న.

“ఎందుకు పట్టలా?” అంది వదిన.

“ఏమో. ఎందుకైతే ఏముంది, ఇంక మనకొద్దు.”

“ఆయనకూ పిల్లలుండారు గదా. ఎందుకు పట్టలేదో తెలీకుండా వాళ్ల చేతిలో పెడతారా?”

 వదిన చీర కుచ్చెళ్లు దోపుకొని నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పింది.

మెకానిక్కును పిలుద్దామన్నాను. ఫోనులోనే ఒకాయన, ఆ బ్రేకులు తాను ఎప్పుడూ చూడలేదని నిజాయితీగా చెప్పేశాడు. ఇక మేమే మిగిలాం. అన్న పెట్టె మీది మీట నొక్కితే అంకెలు వెలిగాయి. రెండు వైర్లు కట్టిన చిన్న బల్బును జీపు వెనక ప్లగ్గు దగ్గర పెట్టి చూశాడు. బాగా వెలిగింది. అయితే అక్కడిదాకా కరెంటు వస్తోంది. నా వంతు సాయంగా ఫోనులోని దిక్సూచిని చక్రం పక్కన పెట్టాను. అన్న మీట నొక్కినప్పుడల్లా ముల్లు కొద్దిగా ఉలిక్కిపడి ఊరుకుంది. రెండో చక్రం దగ్గరా అంతే.

“రెండూ చావలేదు. రెండూ ఒకటే మాదిరిగా నీరసంగా ఉండాయి” అంది వదిన, రాసుకుంటూ. “రెండు చెరువుల్లో రొయ్యలు ఒక్కసారే డీలా పడితే జబ్బు రొయ్యలో ఉండదు అబ్బయ్యా. రెండిటికీ నీళ్లొచ్చే కాలవలో ఉంటది.”

ఆ సాయంత్రమంతా ఆ కాలువ కోసమే వెతికాం. మర్నాడు వదిన తనే బల్బు తీసుకొని కిందికి దూరింది. ఒక వైరు చక్రానికి పోయే తీగకు పెట్టి, రెండోది ఇంటి ఇనప చట్రానికి ఆనిస్తే బల్బు మినుకుమంది. ఆ రెండోదాన్నే పొడుగు వైరుతో జీపు బ్యాటరీ మైనసుకు కలిపిస్తే భగ్గున వెలిగింది.  అప్పుడు, “పోయే కరెంటు సరిగానే పోతా ఉంది. తిరిగొచ్చే దారే సరిగా లేదు” అంది.

తిరిగొచ్చే దారి ఒక తెల్లవైరు. అది ఇంటి ముందుభాగంలో, జీపుకు తగిలించే నొగ మొదట్లో ఒక బోల్టుకు బిగించి ఉంది. బోల్టు అనే గాని, ముట్టుకుంటే తుప్పు పొరలుగా రాలింది. మిగతా చట్రమంతా బాగానే ఉంది. అక్కడే ఎందుకింత తుప్పని అన్న ఆశ్చర్యపోయాడు. వదిన పైకి చూసింది. బోల్టుకు సరిగ్గా పైన తన పరీక్షల బల్ల, ఆ బల్ల పక్కన కిటికీ. పరీక్ష అయిపోయిన ప్రతి సీసాలోని ఉప్పునీళ్లూ పొద్దున్నే ఆ కిటికీలోంచి పారబోసేది ఆమే.

ఆమె మట్టిలో అలాగే కూర్చుండిపోయింది. “ఆ ముసలామెకు ఏమన్నా అయ్యుంటే” అని ఆగిపోయింది. అన్న జీపులోంచి ఉప్పుకాగితం తెచ్చి ఆమె పక్కన చతికిలబడి ఇనుము మెరిసేదాకా రుద్దాడు. కొత్త బోల్టు బిగించాక గ్రీజు మాత్రం ఆమె చేతే పెట్టించాడు. గట్టు మీద నడిపి బ్రేకు తొక్కితే ఇల్లు టక్కున ఆగి, లోపల గిన్నెలన్నీ దబదబా కింద పడ్డాయి. ఆ చప్పుడుకు ముగ్గురం నవ్వాం. కావలి ఆయనకు అన్న ఫోను చేయలేదు. ఆ ఇంట్లో వాళ్లు ఇంకా నాలుగేళ్లు ఉన్నారు. చివరికి వేరే ఎవరికో ఇచ్చేటప్పుడు, బ్రేకు ఎలా చూసుకోవాలో, నీళ్లు ఎక్కడ పారబోయకూడదో వదిన రెండు పేజీలు రాసి వాళ్ల చేతిలో పెట్టింది.

ఇప్పుడు వాళ్లు కావలిలో గోడలు కదలని ఇంట్లో ఉంటున్నారు. పండక్కో పెళ్లికో కలుస్తాం, భోంచేస్తాం, బస్సు వేళయిందని లేస్తాం. ముగ్గురం ఒకే విషయం మీద మనసు పెట్టి, అంత దగ్గరగా, అంతసేపు కూర్చోవడం మళ్లీ జరగలేదు. ఆనాడు మాత్రం నేను, నాలుగు రోజుల సెలవులో రెండు రోజులు బ్రేకు కింద పోయాయే అనుకుంటూ బస్సెక్కాను.