బుగ్గయ్య దండుగ గంప

బుగ్గయ్య మనుషుల మొహాలు చూడడు, వాళ్ల చెత్త చూస్తాడు.

పొద్దున్నే చీపుళ్ల చప్పుడు మొదలయ్యేసరికి ఇబ్రహీంపట్నంలోని ఆ వాడలోకి గంప నెత్తిన పెట్టుకుని దిగుతాడు. గడపగడపకూ ఆగి, ఊడ్చిన కుప్ప ముందు గొంతుక్కూర్చుంటాడు. బూడిద, పేడ, ఊక, చేప పొలుసులు, ఏదీ వదలడు. వేళ్లతో కెలికి, ఆ ఇంటి సంగతులు ఆ ఇంటివాళ్లకే చెబుతాడు.

"నాగులమ్మా, రాత్రి చేపల పులుసు వండినవ్. నన్ను పిలువలే."

"నీకెట్ల ఎరుక మామా?"

"పొలుసు చెప్పింది. తోక ఒక్కటి గూడ కనవడ్తలేదు. మీ ఆయనకు గా తోకలే పెట్టినవా?"

వాడంతా నవ్వింది. నాగులమ్మ మొగుడు మాత్రం నవ్వలేదు.

వాడ చివర బుగ్గయ్య రెండు గుంతలు తవ్వించాడు. ఇంటింటి చెత్త పడేది ఉడుకు గుంత. మాగిన ఎరువు ఉండేది సల్ల గుంత. రోజూ ఉడుకు గుంతలో మోచేతి దాకా చేయి దూర్చి, కళ్లు మూసుకుని, వైద్యుడు నాడి చూసినట్టు చూసి, "జ్వరం మంచిగున్నది" అని మురిసిపోయేవాడు. వాన వెలిసిన పొద్దుల్లో ఆ గుంత మీద సన్నని ఆవిరి లేచేది. నేల నిద్రలో ఊపిరి వదులుతున్నట్టుండేది. అది చూస్తూ బుగ్గయ్య అంబలి తాగడం మరిచిపోయేవాడు. సల్ల గుంత దగ్గరికి మాత్రం ఎవరినీ రానిచ్చేవాడు కాదు.

"అది పండుకున్నది. లేపకుండ్రి."

"లోకంల దండుగ పోయేది ఏదీ లేదు" అన్నది ఆయన మాట. చెత్త తక్కువ వేసిన ఇంటికి మాత్రం దండుగ తప్పేది కాదు. గంపెడు ఎరువు నెత్తిన పెట్టుకుని, వాడంతా చూస్తుండగా ఇంటికి నడిచి, పాదులో పోసుకోవాలి. ఆడవాళ్లకు తల కొట్టేసినట్టుండేది.

అవి రజాకార్ల భయం ఊళ్లను పట్టుకున్న రోజులు. ఆ ఎండాకాలం తుపాకులవాళ్లు గింజల కోసం వచ్చి వాడలోని గుమ్ములన్నీ ఊడ్చుకున్నారు. బుగ్గయ్య ఇంటి గుమ్మి చూస్తే ఖాళీ.

"నాలుగెకరాల జొన్నలు ఏడ దాచినవ్ రా?" అన్నాడు వాళ్ల నాయకుడు.

బుగ్గయ్య వాళ్లను గుంతల దగ్గరికి తీసుకుపోయాడు. "నా ఆస్తి గిదే సాబ్! గిసొంటి ఎరువు ఈ చుట్టుపక్కల లేదు. జర చెయ్యి పెట్టి జ్వరం చూడుండ్రి." అంటూ నాయకుడి మణికట్టు పట్టుకుని ఉడుకు గుంతలోకి లాగాడు.

"ఛీ, పాగల్!" అని నాయకుడు చేయి విడిపించుకుని, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నడిచాడు. బుగ్గయ్య వెంటపడ్డాడు.

"సల్లది గూడ ఉన్నది సాబ్! గదన్న చూసిపోండ్రి!"

వాళ్లు పరుగు లాంటి నడకతో వాడ దాటారు. ఈయనకు పిచ్చి ముదిరిందని వాడ తేల్చేసింది.

వానాకాలం వచ్చేసరికి పోశమ్మ ఇంట్లో గింజ లేదు. మొగుడు లింగస్వామి చాలామంది మగవాళ్లలాగే గుట్టల్లోకి వెళ్లిపోయాడు. ఇద్దరు పిల్లలు నీళ్లు తాగి పడుకుంటున్నారు. రెండు రోజులుగా పొయ్యి రాజలేదు. ఆ సంగతి బయటపడితే లింగస్వామి పరువు పోతుందని ఆమె భయం. అందుకే పొయ్యి వెనక అడుగున పేరుకున్న బూడిద గీకి, నీళ్లు చిలకరించి, వాకిట్లో కుప్ప పోసింది.

బుగ్గయ్య చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాడు.

"గిది ఎప్పటి బూడిద?"

"పొద్దుటిదే మామా."

"నాకు చెప్తవా? నా తల బూడిదలనే నెరిసింది. ఊక లేదు, ఉల్లిపొట్టు లేదు. వాడను మోసం చేస్తున్నవ్. దండుగ!"

పోశమ్మ పళ్లు కొరుకుతూ గంప మోసింది. ఆనపపాదు దగ్గర విసురుగా బోర్లించింది. ఎరువు అడుగు నుంచి ఒక మూట దొర్లింది. విప్పితే జొన్నలు.

ముసలాయన పొరపాటున పడేసుకున్నాడనుకుంది. ఆకలిగా చూస్తున్న పిల్లల ముందు నుంచే మూట తీసుకుని వెనక్కి వెళ్లింది.

"మామా, నీ జొన్నలు గంపల పడ్డయ్."

బుగ్గయ్య మండిపడ్డాడు. "దండుగ ఏస్తే వాపస్ తెస్తరా? ఎదురు మాట్లాడినందుకు ఇంకో గంప! ఎత్తుకో!"

ఆ పూట పోశమ్మ పొయ్యి రాజింది. తర్వాత వారం వారం ఆమెకు దండుగ పడింది. వాడ జాలిపడింది. ఆమె తల వంచుకుని, నవ్వు దాచుకుని మోసింది.

సెప్టెంబరులో యూనియన్ మిలిటరీ వచ్చింది. వాడ గుండెల మీద నుంచి బండరాయి దొర్లినట్టయింది. గుట్టల్లోంచి మగవాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. గడ్డం పెరిగిన లింగస్వామిని పిల్లలు ముందు పోల్చుకోలేదు, తర్వాత వదల్లేదు.

"నీ పెండ్లాం వారం వారం దండుగ మోసిందిరా" అన్నారెవరో.

లింగస్వామి నొచ్చుకున్నాడు. పక్కనే ఉన్న నాగులమ్మ, "నేను మోయలేదా ఏంది? ఆమెకన్న ఎక్కువే మోసిన" అంది, ఎందుకో గర్వంగా.

పోశమ్మ ఆమె వైపు చూసింది. నాగులమ్మ పోశమ్మ వైపు చూసింది.

"నీకు గూడనా?"

"అవ్. నీకు గూడనా?"

గంపల్లోని మూటల సంగతి బయటపడి, అందరూ సల్ల గుంత దగ్గరికి నడిచారు. ఎరువంతా పక్కకు తీసి ఉంది. దాని కింద గడ్డి పరిచిన పాతర. అడుగున బుగ్గయ్య చీపురు పట్టుకుని ఊడుస్తున్నాడు. ఒక్క గింజ లేదు.

"నీ జొన్నలన్ని మాకే పెట్టినవా మామా?" అంది పోశమ్మ. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నా జొన్నలెక్కడియే? మీ బూడిద, మీ పేడ తిని పండినయ్. మీ చెత్త మీకు వాపస్ ఇచ్చిన, అంతే. ఏడవకు. కన్నీళ్లు ఎరువుకు పనికిరావు, ఉప్పుంటది."

లింగస్వామి పొద్దున పెళ్లాం చేతికిచ్చిన చెత్తగంపను ముందుకు చాచాడు. బుగ్గయ్య గుంతలోంచే చేయి పెట్టి కెలికాడు. మొహం విప్పారింది.

"ఉడుకు బూడిద. బియ్యం కడిగిన తడి. ఉల్లిపొట్టు గూడ మస్తుగున్నది." లింగస్వామి వైపు కన్ను గీటాడు. "నీకు తోకలు పెట్టేటట్టు లేదు పో. ఇయ్యాల దండుగ మాఫ్!"