గార్బట్ గడిలో విన్నీ రాత

మా వెనక సందులో మురుగు కాలవ పూడిపోయి పన్నెండేళ్ళయింది. గట్టి వాన పడిందంటే ఆ నీళ్ళు పోయే దారి లేక విన్నీ స్టాథార్డ్ పెరట్లోకి వస్తాయి, అక్కణ్ణుంచి వంటింట్లోకి వస్తాయి. బట్టలుతికే మెషీను కింద ఆవిడ మొదట్లో రెండు ఇటుకలు పెట్టింది. ఇప్పుడు నాలుగున్నాయి.

విన్నీకి డెబ్బై ఆరేళ్ళు. మా రేవులో చేపలు కోసే షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్ళు హాడక్ చేపలకి ముళ్ళు తీసింది. "చేపల కంపు జీతానికి భరించాను నాయనా, వీళ్ళ కంపు ఊరికే ఎందుకు భరించాలి?" అనేది నాతో. నగర కార్యాలయానికి ఉత్తరాలు రాసింది. ఫోన్లు చేస్తే గంటసేపు సంగీతం వినిపించి పెట్టేసేవారు. కాలవ నీళ్ళ కంపెనీదని వీళ్ళంటారు, సందు నగరానిదని వాళ్ళంటారు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమే నయం, వాడు కనీసం ఊదేవాడి మొహం చూస్తాడు.

మా వార్డు కౌన్సిలర్ క్లైవ్ గార్బట్ సంగతి చెప్పాలంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎన్నికలు దగ్గర పడగానే వస్తాడు. కాలవ పక్కన నిలబడి, దాన్ని వేలుపెట్టి చూపిస్తూ, మొహం చిట్లించి ఫోటో తీయించుకుంటాడు. ఆ ఫోటో వేసిన కరపత్రం ఇప్పటికి మూడు ఎన్నికల్లో మా తలుపులకి ఉత్తరాల కోసం పెట్టిన కన్నాల్లోంచి లోపల పడింది. కాలవలో ఒక్క పార కూడా పడలేదు.

నేను రిటైరైన బస్సు డ్రైవర్ని. గార్బట్ మీద పోటీ చేసే డెనీస్ థాక్రే తరఫున ఓట్ల లెక్కింపుకి వెళ్తుంటాను. డెనీస్ బడిలో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వండుతుంది. గెలిస్తే మొదటి వారంలోనే కాలవ తవ్విస్తానని అందరి ముందూ మాటిచ్చిన మనిషి. ఒకసారి టీ తాగుతూ విన్నీకి లెక్కింపు కబుర్లు చెప్పాను. సరిగ్గా గుర్తు పెట్టని ఓటు కాగితాలుంటే అభ్యర్థులందర్నీ పిలిచి, ఒక్కొక్కటే ముందుపెట్టి చూపిస్తారని చెప్పాను.

"అంటే గార్బట్ కూడా చదవాల్సిందేనా?" అంది విన్నీ.

"చదవాల్సిందే."

ఇంకేముంది! నాలుగేళ్ళ క్రితం ఎన్నికల్లో గుర్తింపుకి బస్సు పాసు చూపించి, ఓటు కాగితం తీసుకుని, గుర్తు పెట్టడానికి అక్కడ దారం కట్టి ఉంచే మొద్దు పెన్సిలుతో ఈ చివర నుంచి ఆ చివర దాకా 'వెనక సందు కాలవ బాగుచేయండి' అని రాసి వచ్చింది. ఓటు చెల్లలేదు. గార్బట్ దాన్ని చూసి, "ఎవరికి రాశారో పాపం! చిరునామా లేదే!" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నోరు మూసుకోవాల్సింది. ఆ మాట మోసుకెళ్ళి విన్నీ చెవిన వేశాను.

ఈసారి గాలి నిజంగానే డెనీస్ వైపు వీస్తోంది. విన్నీని బతిమాలాను.

"ఈ ఒక్కసారి డెనీస్‌కి గుర్తు పెట్టు విన్నీ. కాలవ బాగుపడుతుంది."

"గుర్తు పెడితే గార్బట్ చదవడు కదా. పన్నెండేళ్ళ నుంచి వాడు నా మాట ఒక్కటీ తనకే అనుకుని చదవలేదు మాల్కం. ముందు చదవనీ."

ఇలాంటి మొండిఘటాన్ని నేనెక్కడా చూడలేదు.

శుక్రవారం పొద్దున్న ఆటల హాల్లో ఓట్లు లెక్కపెట్టారు. రెండోసారి కూడా లెక్కపెట్టారు. డెనీస్‌కి ఎనిమిది వందల పదకొండు, గార్బట్‌కీ ఎనిమిది వందల పదకొండు. ఇక పక్కన పెట్టిన కాగితాలు మూడే ఉన్నాయి. ఒకటి ఖాళీ. ఇంకోదాని మీద అందరికీ గుర్తులు పెట్టారు. మూడోది చూడగానే విన్నీ రాత గుర్తుపట్టాను. ఈసారి అడ్డంగా రాయలేదు. గార్బట్ పేరు ఎదురుగా ఉన్న గడిలో, గీత దాటకుండా, చిన్న అక్షరాలతో ముద్దుగా రాసింది: 'కాలవ ఏమైంది?'

ఎన్నికల అధికారిణి కళ్ళజోడు సవరించుకుంది. "రాత మొత్తం ఒకే గడిలో ఉంది. మిగతావి ఖాళీ. గుర్తు ఏదైనా సరే, ఎవరి గడిలో ఉంటే వాళ్ళకే. ఇది గార్బట్ గారికి పడ్డ ఓటే."

"ఓటు కాదండీ ఇది, నిలదీయడం!" అన్నాను.

"ఆయన్నే కదా అడిగారు?"

"ఎవరు రాశారో నాకు తెలుసండీ! మనిషెవరో తెలిసిపోతే ఓటు చెల్లదు కదా?"

"మీకు తెలిస్తే చాలదు. కాగితం మీద తెలియాలి. ఇందులో పేరు లేదు."

"ఊరుకో మాల్కం," అని డెనీస్ నా చొక్కా లాగింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. గార్బట్ ఆ రెండు మాటలూ పైకి చదివి, గుండె మీద చెయ్యి వేసుకుని, "నమ్మకం ఉన్నవాళ్ళే మనల్ని అడుగుతారు," అన్నాడు. వాణ్ణి అక్కడే కొట్టాలనిపించింది. ఒక్క ఓటుతో గెలిచాడు.

బయటికి వచ్చేసరికి వాన. నేను వెళ్ళేసరికి విన్నీ తన పెరట్లో రబ్బరు బూట్లు వేసుకుని చీపురుతో నీళ్ళు నెడుతోంది. నన్ను చూసి ఆగింది.

"చదివాడా?"

"చదివాడు. పైకే చదివాడు."

విన్నీ మొహం వెలిగిపోయింది. ఆ మాటతో ఆగిపోదామనుకున్నాను గానీ, సాయంత్రానికి వీధంతా తెలిసిపోయేదే.

"అది ఓటు కింద లెక్కేశారు విన్నీ. వాడికి. దాంతోనే గెలిచాడు."

నీళ్ళు గుమ్మం ఎక్కుతున్నా విన్నీ చీపురు కదపలేదు.

"చిరునామా లేదని వాడన్నట్టు నాకు చెప్పిందెవరు?"

"నేనే."

"అయితే ఇంద, పట్టు," అని చీపురు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళింది.

ఊడ్చాను. మళ్ళీ ఎన్నికలు నాలుగేళ్ళకి. అప్పటిదాకా వాన పడ్డప్పుడల్లా ఆ చీపురు నాదే.