మూడు పాత తీగలు, ఒక కొత్త తీగ

మా బావ లిఫ్టు నడిపేవాడు. ఐదంతస్తుల పాత భవనం. కింద మందుల షాపు, మధ్యలో చిన్నాచితకా ఆఫీసులు, చిట్టచివరి అంతస్తులో వాద్యాలు బాగుచేసే గది ఒకటి. ఇప్పటి లిఫ్టుల్లా అద్దాలూ మెరుపులూ ఉండేవి కావు. ఇనప మడత తలుపు, చెక్క గోడలు, ఇత్తడి పిడి, మూలన ఒక స్టూలు. ఆ స్టూలు మీద ఆయన ఇరవై ఆరేళ్ళు కూర్చున్నాడు.

"నా అంత ప్రయాణం చేసినవాడు ఈ ఊళ్ళో లేడురా," అనేవాడు నాతో. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రయాణమే. దిగేది మాత్రం ఎక్కినచోటే."

సాయంత్రాలు ఆయన తన అన్నగారి బృందంలో బేస్ గిటార్ వాయించేవాడు. అది తెలియనివాళ్ళకి చెప్పాలంటే, నాలుగు లావుపాటి తీగలున్న గిటారు, పాటకి అడుగున బరువుగా మోగుతుంది. వినేవాళ్ళెవరూ దాన్ని పట్టించుకోరు. ఒక్కసారి ఆపేస్తే మాత్రం, పాటకి ఏమైందబ్బా అని అందరూ తలలెత్తి చూస్తారు.

ఆ అన్నగారిని ఊరంతా మాస్టారనేది. బృందం ఆయనది, వాద్యాలు ఆయనవి, ఇల్లు కూడా ఆయనదే. వెనక వైపు గదిన్నరలో మా అక్కా బావా ఉండేవారు. కొళాయి దగ్గర మాస్టారి బట్టలు ముందు, అక్క బట్టలు తర్వాత. పెరటి తలుపు ఏ వేళకి వేయాలో, వరండాలో లైటు ఎంతసేపు వెలగాలో, అన్నీ మాస్టారి నోటి మీదుగానే నడిచేవి. చెడ్డవాడని అనలేను. జ్వరమొస్తే డాక్టర్ని తెచ్చేవాడు. తెచ్చిన సంగతి ఆర్నెల్ల పాటు గుర్తుచేసేవాడు.

బేస్ గిటార్ ముందుగదిలో ఆయన బీరువాలో ఉండేది. తాళంచెవి ఆయన చొక్కా జేబులో. ప్రదర్శన ఉన్నరోజు బయటికి వచ్చేది, అవగానే లోపలికి పోయేది. బావ సాధన అంతా లిఫ్టులోనే. ఇత్తడి పిడి మీద వేళ్ళు కదిలిస్తూ ఉండేవాడు. మూడో అంతస్తు దాటేటప్పుడు మోటారు ఒక స్వరం పట్టేది. దాన్ని ఆధారం చేసుకుని మనసులోనే వాయించుకునేవాడు. ఎక్కినవాళ్ళు ఆయనకి నరాల జబ్బేదో ఉందనుకునేవారు.

పదిమందిలో ఎవరైనా బావని మెచ్చుకుంటే మాస్టారు నవ్వి, "శబ్దం నా వాద్యానిదండీ. పాతకాలం చెక్క. ఎవరి చేతిలో పెట్టినా అలాగే పలుకుతుంది," అనేవాడు.

బావ తల ఊపేవాడు. ఇంటికొచ్చాక అక్క పళ్ళు నూరేది.

"ఆ మాట విన్నప్పుడల్లా చేతిలో గిన్నె నేలకేసి కొట్టాలనిపిస్తుందండీ."

"కొట్టు. ఎవరొద్దన్నారు?"

"గిన్నె నాది కాబట్టి ఊరుకుంటున్నా."

ఒక కంపెనీ వార్షికోత్సవంలో వీళ్ళ కార్యక్రమం అయ్యాక, అప్పటికే పేరున్న ఒక గాయని వేదిక వెనక్కి వచ్చింది. పెద్దావిడ. అన్నీ పాతపాటలే పాడే బృందం ఆవిడది. వేరే ఊళ్ళో ఒక పెద్ద హోటల్లో ఏడాది పొడవునా పాడేందుకు ఒప్పందం కుదిరింది, నెలాఖరుకి బయలుదేరుతున్నారు.

"పాట అడుగున మోగించింది నువ్వేనా నాయనా?"

"నేనేనండీ."

"ముప్ఫై ఏళ్ళ కిందటి రికార్డు పెట్టినట్టుంది. నాకు కావలసిన శబ్దం అదే. జీతం, ఉండటానికి గది, అన్నీ వాళ్ళే ఇస్తారు. వాద్యం నీదేనా?"

"మా అన్నయ్యదండీ."

"అయితే మీ అన్నయ్యని కూడా మోసుకెళ్ళాలా నేను?" ఆవిడ నవ్వింది. తర్వాత నవ్వకుండా చెప్పింది. "శుక్రవారం పొద్దున రా. నీ సొంత వాద్యంతో రా. ఈ శబ్దమే రావాలి. వేరేది తెస్తే నీ టైమూ నా టైమూ దండగ."

ఆ సంగతి అక్క చెవిన పడింది. పెళ్ళైనప్పటినుంచి తన పెట్టెని మంచం కింద నుంచి పూర్తిగా బయటికి లాగింది లేదు. ఆ రోజు లాగి, లోపల కాగితం మార్చి, మళ్ళీ లోపలికి తోసింది. బావ చూశాడు, నేనూ చూశాను.

సోమవారం బావ నన్ను వెంటబెట్టుకుని గాజుతలుపులున్న వాద్యాల షాపుకి వెళ్ళాడు. "వాయించేవాడి చెవి వాడి చేతిలోనే ఇరుక్కుపోతుంది. ఎదురుగా ఒకడు నిలబడి వినాలి," అన్నాడు. నాకు సంగీతం తెలియదు. కానీ ఇరవై రెండేళ్ళుగా ఆ శబ్దం వింటున్నాను, అంతమాత్రం గుర్తుపట్టగలను.

గోడ నిండా గిటార్లు. బావ దగ్గరున్న డబ్బుతో వాటిలో చౌకరకం ఒకటి వస్తుంది. తీసి వాయించాడు. ప్రతి స్వరమూ గాజుగోళీ నేలమీద పడ్డట్టు ఖంగుమని, ఎంతకీ ఆరలేదు. పక్కన రంగు పెచ్చులూడి, అంచులు అరిగిపోయిన గిటార్ ఒకటి వేలాడుతోంది. బావ కళ్ళు దాని మీద పడ్డాయి.

"ఇది పాతదాండీ?"

"పాతది కాదండీ, పాతగా చేసింది," అన్నాడు షాపాయన. "కొత్తదానికే ఫ్యాక్టరీలో రంగు గీకి, చెక్క అరగదీస్తారు. గిరాకీ బాగా ఉంది. ధర కొత్తదానికి రెట్టింపు."

బావ తన చొక్కా కాలరు పైకెత్తి చూపించాడు. "నన్ను చూడండి. రంగు పోయి, అంచులు చిరిగి ఎన్నేళ్ళైందో. నన్నెవరూ రెట్టింపు ఇచ్చి అడగరేం?"

షాపాయన పగలబడి నవ్వాడు. బావ నవ్వలేదు. ఆ గీకిన గిటార్ కూడా వాయించి చూశాడు. చూపుకే పాతది, నోరు విప్పితే కొత్తది.

మంగళవారం ఇంకో షాపు చూశాం, బుధవారం ఇంకోటి. ఒకచోట శబ్దం దగ్గర దగ్గరగా ఉందనుకుంటే ధర అందలేదు. ఇంకోచోట ధర అందింది గాని, మెడ వంకరపోయి ఉంది. దారిలో బావ అడుగు నెమ్మదించింది.

"అన్నయ్య చెప్పింది నిజమేరా. అదంతా ఆ చెక్కలోనే ఉంది. ఆ చెక్క ఆ బీరువాలో ఉంది."

"మరి నువ్వు ఎక్కడున్నావు బావా?"

"నేనూ అందులోనే ఉన్నట్టున్నాను," అన్నాడు.

గురువారం ఇక మిగిలింది ఆయన లిఫ్టు ఉన్న భవనమే. పై అంతస్తులో వాద్యాలు బాగుచేసే ఆయన్ని అందరూ గడ్డం మేస్త్రీ అనేవారు. అమ్మకాలు ఆయన పని కాదు. కానీ ఎవరో బాగుకిచ్చి మళ్ళీ రాని బేస్ గిటార్ ఒకటి మూడేళ్ళుగా గోడకి ఆనించి ఉంది. మీగడ రంగు పోయి పసుపు తిరిగింది. వెనక ఒక పొడవాటి గీత. మెడ మాత్రం స్కేలు పెట్టి గీసినట్టుంది. బావ దగ్గరున్న డబ్బుకి లోబడే ధర చెప్పాడు మేస్త్రీ.

"వాయించి చూడు. శబ్దం పెద్దది చేసే పెట్టె మాత్రం లేదు, రిపేరుకి విప్పి పెట్టాను."

పెట్టె లేకపోతే బేస్ గిటార్ గొణుగుతుంది, అంతే. బావ ఒక్క క్షణం ఆలోచించి, దాన్ని తీసుకుని లిఫ్టులోకి నడిచాడు. నేనూ వెళ్ళాను. తలుపు మూసి, స్టూలు మీద కూర్చుని, గిటార్ తలని చెక్క గోడకి గట్టిగా ఆనించి ఒక తీగ మీటాడు. గోడ మొత్తం మోగింది. నా వీపు ఆనుకున్న చెక్క కూడా వణికింది. అన్నేళ్ళుగా ఆయన్ని మోసిన ఆ లిఫ్టు పెట్టెకి అలాంటి గొంతుందని నాకు తెలియదు. ఆయనకి తెలుసు.

కింద నుంచి గంట మోగింది. ఎవరో పైకి రావాలట. బావ పట్టించుకోలేదు. మళ్ళీ మోగింది. "లిఫ్టాయనా! నిద్రపోయావా?" అని అరుపు.

"మెట్లున్నాయి కదండీ!" అని బావ కిందికి కేకేశాడు. ఆయన నోట అలాంటి మాట నేను వినడం అదే మొదలు.

వాయించడం ఆపి నా మొహం చూశాడు. నేను అబద్ధం చెప్పలేకపోయాను. "బాగుంది బావా. కానీ అది కాదు."

"తెలుస్తోంది," అన్నాడు. తలుపు తీసి, గిటార్ తిరిగి మేస్త్రీ చేతికిచ్చాడు. "చెక్క వేరండీ. మా అన్నయ్యది పాతకాలం చెక్క."

మేస్త్రీ గడ్డం గోక్కున్నాడు. "చెక్క సంగతి తర్వాత. దాని తీగలు ఎప్పుడు మార్చారు?"

"మార్చలేదండీ. నేను బృందంలో చేరిన కొత్తలో వేసినవే."

"ఇరవై ఏళ్ళు దాటాయా!" మేస్త్రీ స్టూలు దగ్గరకి లాక్కున్నాడు. "గరుకువా, నున్ననివా?"

"నున్ననివి. పైన చదును రేకు చుట్టినవి. బృందంలో వచ్చిన మొదటి డబ్బుతో నేనే కొన్నా. అన్నయ్య అప్పుడు, ఉన్నవి చాలన్నాడు."

"తీగలు ఆగే చోట, పైన రేకు మూత ఉంటుంది. దాని కింద ఏముంది?"

"ఏముంటుంది..." బావ ఆగిపోయాడు. నోరు అలాగే తెరిచి ఉంది. ఆ కొత్తలో స్వరాలు ఎంతకీ ఆరడం లేదని మాస్టారు విసుక్కున్నాడట. అప్పుడు బావే ఒక స్పాంజి ముక్క కత్తిరించి తీగల కింద కుక్కి, మూత బిగించేశాడు. మళ్ళీ ఆ మూత విప్పింది లేదు. ఆ సంగతే మరిచిపోయాడు.

"ఇంకేం," అన్నాడు మేస్త్రీ. "మీ అన్నయ్య చెక్కలో ఏమీ లేదయ్యా. చెమట పట్టి చచ్చిన తీగలు, ఒక స్పాంజి ముక్క, నీ చెయ్యి. అవి తెచ్చి దీనికి వెయ్యి. జాగ్రత్త, పాత తీగలు మరకి చుట్టిన వంపు దగ్గర తెగుతాయి. తెగితే నన్ననకు."

ఆ సాయంత్రం బావ గిటార్ కొని ఇంటికి తెచ్చి, నేరుగా ముందుగదిలోకి వెళ్ళాడు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. మాస్టారు పేపరు దించి చూశాడు.

"ఏంటది?"

"బేస్ గిటారన్నయ్యా. కొన్నాను. రేపు పొద్దున ఆ గాయనమ్మగారి దగ్గర వాయిస్తున్నా."

మాస్టారు చాలాసేపు మీగడరంగు గిటార్నే చూశాడు. "దీంతోనా? ఆ శబ్దం దీంట్లో వస్తుందా?"

"నా తీగలు నాకిస్తే వస్తుంది."

"నీ తీగలా!" మాస్టారు నవ్వాడు. జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పడేశాడు. "తీసుకోరా. తీగలు నీవైతే తీసుకో. వాద్యం నాది. రేపు మధ్యాహ్నానికి నువ్వే వచ్చి మళ్ళీ బిగిస్తావు."

బావ బీరువా తెరిచి నేల మీద కూర్చున్నాడు. ఒక్కో తీగ వదులు చేశాడు. మూత విప్పితే నల్లగా గట్టిపడిన స్పాంజి ముక్క బయటపడింది.

"అదేంటి? ముట్టుకోకు. వాద్యంలో ఉన్నది వాద్యానిదే," అన్నాడు మాస్టారు.

అక్క ఎప్పుడొచ్చిందో, నా వెనకే నిలబడి ఉంది. మాస్టారి ఎదుట ఆవిడ గొంతెత్తి మాట్లాడింది నేనెన్నడూ వినలేదు.

"అది నాది బావగారూ. నా గిన్నెలు తోముకునే స్పాంజి. కాపురానికొచ్చిన కొత్తలో చెప్పకుండా సగం కోసుకుపోయారు ఈయన. మిగిలిన సగంతో ఆర్నెల్లు తోమాను."

మాస్టారు ఆ ముక్క వంకా, తీగలు లేని తన గిటార్ వంకా మార్చి మార్చి చూశాడు. ఆయన ఇన్నేళ్ళూ మాతో అబద్ధమాడాడని నేననుకోను. ఆ చెక్కలోనే ఉందని నిజంగా నమ్మాడు. అక్క వంగి ఆ ముక్క అందుకుంది. ఒక్క క్షణం ఆగి, చేత్తోనే రెండుగా చింపి, ఒకటి బల్ల మీద తాళంచెవి పక్కన పెట్టింది. "మీకూ కావాలి కదా," అంది.

వెనకగదిలో బావ తీగలు కొత్తదానికి ఎక్కించాడు. లావువి మూడూ సర్దుకున్నాయి. సన్నది వంపు దగ్గర టక్కున తెగింది. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మేస్త్రీ ఇచ్చిన కొత్త నున్నతీగ ఒకటుంటే, దాన్నే వేశాడు.

శుక్రవారం పొద్దున గాయనమ్మ కళ్ళు మూసుకుని విన్నది. మూడు తీగల మీదా ఆవిడ తల ఊగింది. నాలుగోది మోగినప్పుడల్లా కనుబొమ్మ లేచింది.

"ఆ ఒక్కటీ వేరేగా అరుస్తోందేమయ్యా?"

"కొత్తదండీ. పాతబడాలి."

"ఎన్నాళ్ళకి?"

బావ తల దించుకున్నాడు. లెక్క ఆయనకి తెలుసు. "చాలా ఏళ్ళు పట్టొచ్చండీ," అన్నాడు. ఇక అయిపోయిందనే అనుకున్నాను నేను.

ఆవిడ కళ్ళు తెరిచింది. "ఒప్పందం ఏడాదికే. అందాకా దాన్ని తక్కువ ముట్టుకో. పెట్టె సర్దుకోండి."

వాళ్ళు వెళ్ళాక మాస్టారి ఇంటికి నేను రెండుసార్లు వెళ్ళాను. గిటార్ బీరువాలో లేదు, కుర్చీకి ఆనించి ఉంది, కొత్త తీగలు వేయించాడు. నా ముందే ఒకసారి మీటాడు. ఖంగుమంది. అది పూర్తిగా ఆరేదాకా వెనకగది తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ స్పాంజి ముక్క ఇంకా బల్ల మీదే ఉంది.

ఏడాది ఒప్పందం పదకొండేళ్ళు సాగింది. అక్కడ వాళ్ళకిచ్చిన గది ఇక్కడి గదిన్నరకంటే చిన్నది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. బావ స్టూలు చూస్తే చాలు, మూలకి జరుపుకుని కూర్చుంటాడని అక్క నవ్వేది. కానీ గిటార్ గోడకి మేకు మీద ఉండేది, తాళం లేకుండా. బావ చివరిసారి ఫోను చేసినప్పుడు ఒంట్లో ఎలా ఉందని అడిగాను.

"ఒరేయ్, సన్నతీగ కూడా నోరు తగ్గించిందిరా," అన్నాడు.