ఆరు పళ్ళు తగ్గిన దువ్వెన

మొన్న మా కోడలు ఎగ్జిబిషన్‌లో కొన్న చెక్క దువ్వెన తెచ్చి నా చేతికిచ్చినప్పుడు, నా బొటనవేలు నన్నడగకుండానే దాని పళ్ళ మీదుగా ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. యంత్రం కోసిన పళ్ళు, మొనలన్నీ గరుకు. "మంచిగున్నదా మామా?" అని ఆమె అడుగుతూనే ఉంది, నా అరచేతులకు మాత్రం చెమట పట్టేసింది. దువ్వెన పట్టుకుంటే చెమటేమిటని మీరు నవ్వవచ్చు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన నా ఈడు వాళ్ళు నవ్వరనుకుంటాను. ఏదో ఒక చిన్న పొరపాటు జరుగుతుందనీ, దానికి మూట కట్టించి ఇంటికి పంపేస్తారనీ రోజంతా లోపల బిక్కుబిక్కుమంటూ బతకడం వాళ్ళకు తెలుసు.

తొంభైల నడుమ నేను ఖతార్‌లో ఒక కంపెనీలో వడ్రంగిని. అది ఖతార్ అని ఎంత చెప్పినా మా అమ్మకు అది దుబాయే. మొదట్లో ఇండస్ట్రియల్ ఏరియా క్యాంప్‌లో ఉండి సైట్లలో షట్టరింగ్ చెక్కలు బిగించేవాణ్ణి. తర్వాత అల్ ఖోర్‌లో గ్యాస్ ఇంజనీర్ల కుటుంబాలుండే క్వార్టర్లలో తలుపులు, అల్మరాలు బాగుచేసే డ్యూటీ వేశారు. మా అక్క భర్త కూడా అదే కంపెనీ, అదే గది; నాకంటే నాలుగేళ్ళు ముందు వచ్చినవాడు కాబట్టి నాకు ధైర్యమైనా తిట్లైనా ఆయన దగ్గరే దొరికేవి.

ఒక చలికాలం, తలుపు బిగుసుకుపోయిందంటే ఒక జపాన్ ఇంజనీర్ ఇంటికి వెళ్ళాను. లోపల చాప మీద ఒక ముసలాయన కూర్చుని, వేలెడు మందం కూడా లేని చెక్కకు సన్నని రంపంతో పళ్ళు కోస్తున్నాడు. ఇంజనీర్ తండ్రి ఆయన. భార్య పోయి ఒంటరివాడైతే చలికాలం గడిచేదాకా కొడుకు తెచ్చుకున్నాడు. చిన్నప్పుడే మేనమామ దగ్గర చేరి నేర్చుకుని, బతుకంతా దువ్వెనలే చేశాడట. పుట్టుకతో వడ్లవాణ్ణి, నేను తలుపు సంగతి మరిచిపోయి నిలబడిపోయాను. ఆయన నా పెట్టెలోంచి నా రంపం తీసి, కిటికీ వెలుగుకు పట్టి చూసి, ఏమీ అనకుండా మళ్ళీ పెట్టెలో పెట్టాడు. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు. వారం తర్వాత దాన్ని పదును పెట్టి తీసుకెళ్ళి చూపించాను. ఆయన చూసి, చాప మీద కాస్త జరిగి చోటిచ్చాడు.

అలా మొదలైంది నా చదువు. కొడుకు మా ఫోర్‌మన్‌తో మాట్లాడి ఒప్పించాడు, శుక్రవారం సెలవు పూట వెళ్ళేవాణ్ణి. మొదటి నెలంతా ఆకురాయితో రంపం పళ్ళు పదును పెట్టడమే. ఆ తర్వాత పనికిరాని ముక్కల మీద కోత. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు. ఇద్దరికీ తెలిసినవి అక్కడ గాలిలో దొరికిన రెండు మూడు అరబ్బీ మాటలే. కోత పక్కకు పోతే "మాఫీ", అంటే లేదు, కాదు అని తల అడ్డంగా ఊపేవాడు, తొందరపడితే "శ్వయ్య శ్వయ్య", అంటే మెల్లగా, మెల్లగా.

ఆ చలికాలం ఆయన చేస్తున్నది జపాన్‌లో ఉన్న మనవరాలి దువ్వెన. ఆ పిల్ల పుట్టిన ఏడు కొట్టించిన చెట్టు చెక్క; పొగబెట్టి, కట్టగట్టి, ఇరవై ఏళ్ళకు పైగా ఆరబెట్టి, ఆమె పెళ్ళికని దాచినది. అలాంటి ముక్క మరొకటి లేదు. సగం పళ్ళు కోశాక ఆయన కుడిచేతి వేళ్ళు మొద్దుబారిపోయాయి. ఆ చేత్తో పని చేయవద్దన్నాడు డాక్టరు. తిరుగు ప్రయాణానికి ఇక పదకొండు రోజులున్నాయనగా ఆయన ఆ చెక్కను నా ముందు పెట్టాడు. మిగతా పళ్ళు నేనే కోయాలట, కొడుకు వచ్చీరాని హిందీలో చెప్పాడు.

వచ్చే శుక్రవారం మొదలుపెడతానని చెప్పి బయటపడ్డాను. శుక్రవారం వచ్చేసరికి జ్వరమని చెప్పి దుప్పటి ముసుగేసుకున్నాను. మా బావ నుదురు ముట్టి చూసి దుప్పటి లాగేశాడు.

"జెరం లేదు గిరం లేదు, నీకు భయం వట్టుకున్నది. చెయ్యి పడిపోయి పెద్దమనిషి నీ చెయ్యి అడిగిండు. ఇయ్యాల పోకుంటే రేపు నీ రంపం నువ్వే ముట్టలేవు. లేవ్, యల్లా!"

వెళ్ళాను. కొడుకూ కోడలూ ప్రయాణానికి కావలసినవి కొనడానికి దోహా వెళ్ళారు. ముసలాయన రంపం చప్పుడు వినబడాలని ఏసీ ఆపేసి, తలుపు మూసి, నా పక్కన కూర్చున్నాడు. ఒక్కో పన్నుకూ ఊపిరి బిగబట్టి కోశాను. చేతుల చెమట లుంగీకి తుడుచుకుంటూ, మిగిలినవి లెక్కపెట్టుకుంటూ, ఇక ఆరే ఉన్నాయనగా మనసు కాస్త తేలికపడింది. ఆ తేలికే కొంప ముంచింది. రంపం ఒక వెంట్రుకవాసి వాలింది. టిక్కుమని పన్ను విరిగి చాప మీద పడింది.

ముసలాయన పన్ను తీసి చూసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎడమచేత్తో పెన్సిల్ పట్టుకుని, విరిగిన చోట నిలువునా గీత గీసి, అక్కడికి కోసేయమని సైగ చేశాడు. నా చేయి లేవలేదు. ఆయన నా మణికట్టు పట్టుకుని, "శ్వయ్య శ్వయ్య" అన్నాడు. కోశాను. ఆ కొసను గుండ్రంగా ఆకురాయి పట్టాను. దువ్వెన ఆరు పళ్ళంత చిన్నదైంది.

సాయంత్రం కొడుకు వచ్చి దాన్ని చూసి నిలబడిపోయాడు. తండ్రీ కొడుకులు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఒక్క ముక్క అర్థం కాక ఇద్దరి ముఖాలూ చూస్తూ, వీసా క్యాన్సిల్ అయినట్టే, అమ్మకు ఏం చెప్పాలి అనుకుంటూ గోడకానుకున్నాను. చివరికి కొడుకు నావైపు తిరిగి నడుం వంచాడు.

"నీ చేతిలోంచి రంపం మా నాన్న తీసుకున్నారట. చెయ్యి వణికి పన్ను విరిగిందట. డాక్టర్ వద్దన్నా వినరు. నీ పని పాడుచేసినందుకు క్షమించమంటున్నారు."

నేను ముసలాయన వైపు చూశాను. ఆయన తలెత్తకుండా దువ్వెనకు నూనె రాస్తున్నాడు. అప్పుడే నిజం చెప్పవలసింది. "పర్వాలేదు సార్" అన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చింది.

ఎండాకాలంలో కొడుకు చెప్పాడు: పెళ్ళిలో ఆ పిల్ల ఆ దువ్వెనను కొప్పులో పెట్టుకుందట, డాక్టరు మాట వినని మొండితాత అని ఆటపట్టిస్తే ఆయన నవ్వాడట. మరుసటి ఏడు ఆయన పోయాడు. నిజం చెబుదామని ఒకసారి పెట్టె తీసుకుని ఆ ఇంటికి వెళ్ళి, అల్మరా బందులు బిగించి తిరిగి వచ్చేశాను. తర్వాత ఇంజనీర్ కుటుంబం ఎటు బదిలీ అయిందో తెలియదు. ఈ సంగతి మా బావకూ చెప్పలేదు. ఇప్పుడు మీకే చెప్పడం.

ఇప్పటి పిల్లలు ఫోన్లో చూసి పని నేర్చుకుంటున్నారు, చురుకైనవాళ్ళే. ఎవరి ముందూ వణకవలసిన పని లేదు. పక్కన కూర్చుని మణికట్టు పట్టుకునేవాళ్ళూ లేరు. నాకూ ఊళ్ళో చిన్న కార్ఖానా ఉంది, నలుగురు పనివాళ్ళున్నారు. చెక్క ఎక్కడైనా చిట్లిన చప్పుడైతే చాలు, లోపలి నుంచే "ఎవడ్రా అది?" అని అరుస్తాను. ఒక్క క్షణం నలుగురి చేతులూ ఆగిపోతాయి. ఆయన దగ్గర అన్ని శుక్రవారాలు కూర్చున్నవాణ్ణి, ఈ అరుపు ఎవరి దగ్గర నేర్చుకున్నానో నాకే తెలియదు.