ఐదో తరగతి వాచరు

తొంభై ఆరు తుఫానులో బుల్లియ్య నావ పోయింది, వలలూ పోయాయి. కోరంగి దిగువన పాయ ఒడ్డునున్న అతని పల్లె మాత్రం మిగిలింది. సముద్రం మీదికి వచ్చినప్పుడు అడ్డం నిలిచింది మడ అడవేనని అతను కళ్లారా చూశాడు. అందుకే మరుసటేడు ఫారెస్టువాళ్లు దినకూలీ మీద వాచర్లు కావాలన్నప్పుడు, నావ పోయాక కుదిరిన రొయ్యల చెరువు పని వదులుకుని అటే వెళ్లాడు.

"చెరువు మీద మేత చల్లేవాడికి నీకంటే ఎక్కువిస్తున్నారు కదరా," అంది అక్క లోవలక్ష్మి. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమే. బుల్లియ్య నవ్వి ఫారెస్టు ఆఫీసు దారి పట్టాడు.

రేంజరు శ్రీకాంత్ డిగ్రీ చదివి, పరీక్ష రాసి, శిక్షణ పూర్తిచేసి వచ్చినవాడు. మంచివాడు. అడవి హద్దులు, కేసులు, మొక్కల పెంపకం అన్నీ అతని బాధ్యత. అయితే పోటు ఎప్పుడెక్కుతుందో, ఏ పాయలో నావ దిగబడుతుందో, బురదలో కనిపించేది బావురుపిల్లి అడుగో నీటికుక్క అడుగో చెప్పాల్సింది బుల్లియ్యే. మడ మొక్కలు నాటేవాడు, కలప నరికేవాళ్లను పట్టుకునేవాడు, కాకినాడ నుంచి వచ్చిన కాలేజీ పిల్లలకు అడవి చూపించేవాడు. రేంజరు భుజం మీద నక్షత్రాలుండేవి. బుల్లియ్యకు ఓ ఖాకీ చొక్కా ఇచ్చారు, అదీ ఎవరో వాడినది.

రెండు వేల ఒకటి వేసవిలో ఒక మధ్యాహ్నం పాయ మలుపులో మడ కలప నిండా వేసుకున్న నావ ఎదురైంది. గెడ పట్టుకుని నిలబడ్డది అక్క మొగుడు.

"ఎవరూ చూళ్లేదురా. పక్కకి తప్పుకో."

"నేను చూశాను కదా బావా."

"ఇంటికి వాసాలు కావాలి. అమ్ముకోడానికి కాదు."

బుల్లియ్య కిందటి వారమే ఇంకొకడి నావ పట్టించాడు. వాడికీ ఇల్లుంది, పెళ్లాం పిల్లలున్నారు. చివరికి బావ నావకు తాడు కట్టి ఆఫీసు రేవుకు లాక్కెళ్లాడు. దారంతా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

నావ జప్తు చేశారు. బావ రెండు రోజులు స్టేషన్లో ఉన్నాడు. లోవలక్ష్మి తమ్ముడి వాకిట్లోకి వచ్చి నిలబడింది. "నా నోటికాడ కూడు తీసేశావు. రేపట్నుంచి నాకు తమ్ముడు లేడు," అని వెళ్లిపోయింది. పల్లెలో పెళ్లిళ్లకూ పేరంటాలకూ బుల్లియ్య ఇంటికి పిలుపులు ఆగిపోయాయి.

రెండేళ్ల తర్వాత శ్రీకాంత్ అతన్ని ఆఫీసుకు పిలిచాడు.

"బుల్లియ్యగారూ, గార్డు పోస్టులు పడ్డాయండి. పర్మనెంటు. నడక పరీక్ష మీకో లెక్క కాదు. కానీ ఇంటర్ ఉండాలంట. మీరెంతవరకు చదివారు?"

"ఐదు సార్. అదీ పూర్తిగా కాదు."

శ్రీకాంత్ నోటిఫికేషన్ కాగితం మడిచి పక్కన పెట్టాడు. "పైకి రాసి చూస్తానండి," అన్నాడు. రాశాడు కూడా. రూల్సు ఒప్పుకోవని జవాబొచ్చింది.

కొత్త గార్డు వచ్చాడు. నావ ఎక్కితేనే కళ్లు తిరిగే మనిషి. బుల్లియ్య మూడు నెలలు అతన్ని పాయలన్నీ తిప్పాడు, తనకు తెలిసిందేదీ దాచుకోలేదు. నాలుగో నెలలో దినకూలీలను తగ్గించమని ఉత్తర్వు వచ్చింది. అప్పటికి శ్రీకాంత్‌కు బదిలీ అయిపోయింది. రేపట్నుంచి పనిలేదన్న మాట బుల్లియ్యకు ఆఫీసు గుమాస్తా చెప్పాడు.

చేపల వేటకు వెళదామంటే ఒక్కడూ తన నావలో చోటివ్వలేదు. "నువ్వు మళ్లీ మమ్మల్ని పట్టించవని ఏంటి నమ్మకం?" అన్నారు. చివరికి రొయ్యల చెరువు మీద కాపలాకు కుదిరాడు. చెరువులో వాలే కొంగల్నీ నీటికాకుల్నీ టపాకాయలు పేల్చి తోలాలి. జీతం అడవిలో కంటే ఎక్కువే.

మొదటి రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"ఏంటయ్యా, తినవేంటి?" అంది భార్య సత్యకుమారి.

"నేను తోలిన కొంగలు ఎటు పోతాయో నాకు తెలుసే. ఇన్నాళ్లూ నేను కాపలా కాసిన పాయల్లోకే పోతాయి," అని చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే టపాకాయల సంచి పట్టుకుని బయల్దేరాడు. చెరువుకు దారి అక్క ఇంటి ముందు నుంచే. వాకిలి ఊడుస్తున్న లోవలక్ష్మి అతన్ని చూసి, చీపురు అక్కడే వదిలేసి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.