లాగిన్ తెర దాటని సోమనర్సయ్య

మా సోమనర్సయ్యన్న కంప్యూటర్‌లో లాగిన్ తెర దాటి లోపలికి పోడు. జనగామ బస్టాండ్ ఎదుట ఆయన ఆన్‌లైన్ సెంటర్, పక్కనే నా జిరాక్స్ దుకాణం. పదేళ్లుగా చూస్తున్నాను. ఊరంతా విండోస్ వాడుతుంటే ఈయన లినక్స్ పెట్టాడు. అందులో లాగిన్ అయ్యాక కనబడే తెర, అదే డెస్క్‌టాప్, ఒక్క తీరుది చాలదని అరడజను తీర్లవి ఎక్కించాడు. పొద్దున లేస్తే వాటిలో ఏది ముందు కనబడాలో లాగిన్ తెరకు నేర్పడమే పని.

కులం సర్టిఫికెట్‌కని ఎవరైనా ఉరికొస్తే, "కూసో. నీకు ఏ డెస్క్‌టాప్ పెట్టాలె?" అంటాడు.

"ఏదో ఒకటి పెట్టన్నా, బస్సు పోతది."

"ఏదో ఒకటి అంటే ఎట్ల? పెండ్లిచూపులల్ల గూడ గట్లనే అంటవా?"

బస్సు పోయేది. ఆ మనిషి నా దుకాణంలో కూర్చుని నా బుర్ర తినేవాడు.

మొన్న నర్సింహులపేట నుంచి సునంద వచ్చింది. హాస్టల్ ఆయా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలి, ఐదింటితో గడువు ఆఖరు. తెల్లటి తెర మీద ఆమెకు అక్షరాలు కనబడవు. ఎక్కడికి పోయినా ఫారం నింపేవాళ్లు "భర్త ఉన్నడా, ఇడిసిపెట్టిండా?" అని నలుగురిలో గట్టిగా అడగడం, ఆమె లేచి వచ్చేయడం. రెండుసార్లు అట్లాగే అయిందని నాతో చెప్పుకుంది. సోమనర్సయ్యన్న విన్నాడో లేదో తెలియదు.

నాలుగున్నరయినా ఆయన లాగిన్ తెరే గెలుకుతున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"అన్నా, ఆమె నౌకరి పోతది. ఫారం తెరువు."

"జర ఆగు తమ్మీ. రీస్టార్ట్ చేస్తున్న."

మళ్లీ లాగిన్ తెర వచ్చింది. డెస్క్‌టాప్‌ల జాబితాలో అన్నీ మనుషుల పేర్లే. మౌస్ అంటే భయపడే పెద్దులు తాతకు మౌస్ అక్కర్లేనిది, తెలుగు తప్ప రాని చిలుకమ్మకు అంతా తెలుగులో ఉన్నది. చివర సునంద పేరు. ఆమె నొక్కింది. నల్లటి తెర మీద గోలీకాయలంత పసుపు అక్షరాలు వచ్చాయి.

"నువ్వే నింపుకో చెల్లె. మేము ఛాయ్ తాగొస్తం" అని లోపలున్న అందరినీ లేపుకుపోయాడు. నన్నైతే రెక్క పట్టి లాక్కుపోయాడు.

ఐదుకు పది నిమిషాలుండగా సునంద నవ్వుకుంటూ బయటికి వచ్చింది. "దరఖాస్తు పోయిందన్నా. ఎవ్వలు ఏం అడగలే."

పదేళ్లుగా తిట్టినందుకు నాకు సిగ్గేసింది. లోపలికి పోయి చూస్తే జాబితాలో నరేందర్ అని నా పేరూ ఉంది. నొక్కాను. తెరంతా ఒక్కటే బటన్, కంప్యూటర్ బంద్ చేసేది.

"గిదేందన్నా?"

"కోపమొస్తే నువ్వు వైరు గుంజుతవేమో అని పెట్టిన తమ్మీ."